అలీమాబీ చూసిన జాంబీ

తాండూరులో మా పక్క వాటాలో ఉండే అలీమాబీని పెళ్ళిళ్ళకు ఎవరూ పిలిచేవారు కాదు. చావులకు మాత్రం ఆమె లేనిదే పని జరిగేది కాదు. ముస్లిం ఇళ్ళలో ఆడమనిషి పోతే, మట్టికి తీసుకుపోయే ముందు పరదా కట్టి, రేగాకు వేసి కాచిన నీళ్ళతో స్నానం పోయించి, తెల్లబట్ట చుట్టాలి. ఊళ్ళో ఆ పని ఆమెది. ఎప్పటికైనా ఆమె చేతుల్లోకి రావలసినవాళ్ళే అయినా, బతికున్నన్నాళ్ళు ఆ చెయ్యి తగలకుండా అందరూ మహా జాగ్రత్తగా ఉండేవారు. బజార్లో ఆమె ఎదురైతే కొందరు బుర్ఖా సర్దుకుని రోడ్డు అవతలికి దాటేవారు.

"పోనీ టీచరమ్మా. ఎంత దూరం పోతరు? తిరిగి తిరిగి నా తానికే రావాలె గద" అనేది అలీమాబీ, కొత్తిమీర కట్ట బేరం ఆపకుండానే.

నేను వికారాబాద్ దాన్ని. తాండూరు ఆడపిల్లల బడికి సోషల్ టీచరుగా వచ్చాను. ఇల్లు చూపించిన యజమాని గోడలూ బావీ అన్నీ పొగిడి, చివర్లో గొంతు తగ్గించి, పక్క వాటా ఆమె చేసే పని సంగతి చెప్పాడు. చెప్పి, నేను భయపడలేదని కొంచెం నొచ్చుకున్నట్టు కనిపించాడు కూడా.

ఆ పనిలోకి ఆమె కోరి దిగలేదు. అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ గొడవలు జరుగుతున్నప్పుడు ఆమె అత్తగారు పోయింది. అప్పట్లో స్నానాలు పోసే పెద్దామె వికారాబాద్‌లో కూతురింటికి పోయి అక్కడే చిక్కుకుంది. రైళ్ళు లేవు, బస్సులు లేవు. ఇంటినిండా చుట్టాలున్నారు. అందరూ గుండెలు బాదుకునేవాళ్ళే, చెంబు పట్టుకునేవాళ్ళు ఒక్కరూ లేరు. అత్త బతికుండగా ఏనాడూ మంచిమాట ఎరగని కోడలు అలీమాబీ లేచి చేతులు కడుక్కుంది. మౌల్వీ సాబ్ పరదా అవతల కూర్చుని ఎట్లా చెయ్యాలో ఒక్కొక్కటే చెబుతుంటే, ఇవతల ఆమె చేసింది.

"బతికున్నప్పుడు మా అత్త నన్ను ఒక్క పని నిమ్మళంగ చెయ్యనియ్యలే. ఆ దినం ఒక్క మాట అనలే" అని చెప్పింది నాకు.

అప్పట్నుంచి అదే ఆమె పనీ, పేరూ అయిపోయింది. ఆమె భర్త అజమత్ బండల పాలిష్ మిషన్‌లో పనిచేసేవాడు. మంచి బలమైన మనిషి. ఇద్దరు మోసే బండను ఒక్కడే భుజానికెత్తుకునేవాడు. అయితే భార్య ఎవరికైనా స్నానం పోసి వచ్చిన రోజు మాత్రం ఆయనకు ఇంట్లో గాలి ఆడేది కాదు. అరుగు మీద పడుకుని, చాయ్ హోటల్లో తాగేవాడు. కారణం అడిగితే ఉక్క అనేవాడు, డిసెంబరులో కూడా.

ఎనభై ఐదు ప్రాంతంలో తాండూరుకు వీడియో వచ్చింది. కందుల వ్యాపారి కొడుకు బాల్‌రాజ్, తండ్రి గోదాం ఒకటి ఖాళీ చేయించి, ఒక కలర్ టీవీ, ఒక వీడియో పెట్టి, దానికి థియేటర్ అని పేరు పెట్టాడు. కంది పొట్టు ముక్కుల్లోకి పోయి, ఏడుపు సినిమా అయినా కాకపోయినా జనం కళ్ళు తుడుచుకుంటూనే బయటికి వచ్చేవారు. ఒక ఆదివారం గోదాం ముందు బోర్డు కట్టారు. 'జాంబీ. కడుపుబ్బ నవ్వించే ఇంగ్లీషు చిత్రం. మధ్యాహ్నం ఆట ఆడవారికి ప్రత్యేకం.'

అలీమాబీకి చదువు రాదు. నన్ను ఆపి చదివించుకుంది.

"ఎవరామె జాంబీ? ఏ ఊరామె?"

"తెలియదక్కా. ఇంగ్లీషు సినిమాలో మన పేరేమిటో."

"దుబాయికి పోయిన ఆమె కథ అయ్యుంటది. నౌకర్లు ఉంటరు, బాధలు పడ్తది, ఆఖర్ల మంచిగైతది. పోదాం పా."

లాల్‌బీ, చాంద్‌బీ, అలీమాబీ ఉన్న ఊళ్ళో జాంబీ ఉండటంలో ఎవరికీ వింత తోచలేదు. పక్క గల్లీలోని లాల్‌బీ పెద్దకోడలు జులేఖాతో సహా వాడ ఆడవాళ్ళంతా బుర్ఖాలు వేసుకుని, జేబురుమాళ్ళు మడిచి పెట్టుకుని, జాంబీ కష్టాలకు ఏడవటానికి తయారై వచ్చారు. లాల్‌బీని మటుకు ఎవరూ తీసుకురాలేదు. ముసలామె, షుగర్ మనిషి. మధ్యలో లేస్తానంటుంది, నీళ్ళంటుంది, సినిమా పాడవుతుంది.

సినిమాలో ఏదో చలిదేశం. సమాధుల తోటలోంచి సూటూ బూటూ వేసుకున్న శవాలు మట్టి దులుపుకుంటూ లేస్తాయి. చేతులు ముందుకు చాపి, మెడ పక్కకు వాల్చి ఊళ్ళోకి నడుస్తాయి. దొరికినవాళ్ళను కొరుకుతాయి. కొరికించుకున్నవాళ్ళూ శవాలై వాటి వెనకే బయలుదేరతారు. ఒక మంగలికి చూపు ఆనదు. కుర్చీలో కూర్చున్నది శవమని తెలియక కబుర్లు చెబుతూ గడ్డం గీస్తాడు. చెవి ఊడి చేతిలోకి వస్తే, మర్యాదగా దాన్ని శవం జేబులో పెడతాడు. ఒక లావుపాటి వంటామె తలుపు సందున నిలబడి, వచ్చిన శవాన్ని వచ్చినట్టే పెనంతో నెత్తిన బాదుతుంది.

మొదట ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. మంగలి వచ్చేసరికి నవ్వు మొదలైంది. పెనం దగ్గర జులేఖా చప్పట్లు కొట్టింది. ఇంకో ఆమె నవ్వలేక గోనె సంచి మీద ఒరిగిపోయింది. నేనూ నవ్వాను. అలీమాబీ ఒక్కతే, నౌకరికి కొత్తగా వచ్చినవాడి పని చూస్తున్న పాత మేస్త్రీలాగా, మొహం ముడుచుకుని కూర్చుంది.

"మెడ గట్ల వంగదు" అంది నా చెవిలో. కాసేపయ్యాక, "బూట్లు తొడిగి పండబెడితే ఎవనికి నిద్రొస్తది? గందుకే లేచిన్రు" అంది. ఒక శవం ఒకతని చెయ్యి కొరుకుతుంటే, "గింత ఆకలేంది వీళ్ళకు? బతికున్నప్పుడు కోడండ్లు పెట్టలేదా?" అని అడిగింది. కొంచెం గట్టిగానే అడిగింది. ముందు వరసలో ఒకరిద్దరు వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ తెరవైపు తిరిగారు.

ఆట అయిపోయాక ఇంటికి నడుస్తూ అడిగాను.

"నీకు ఒక్కసారి కూడా నవ్వు రాలేదా అక్కా?"

"చచ్చినోళ్ళను చూస్తే నాకు నవ్వు రాదు టీచరమ్మా. పక్కన నిలబడి ఏడ్చేటోళ్ళను చూస్తే వస్తది. ఆపుకుంట."

తర్వాత తనే అంది. "ఇన్నేండ్ల సంది పోస్తున్న. నా చేతిల ఒక్కరు లేచి నన్ను పరేషాన్ చెయ్యలే. మస్తు మంచోళ్ళు. చెయ్యి ఎత్తుమంటే ఎత్తనిస్తరు, పక్కకు తిరుగుమంటే తిరుగుతరు. సినిమా తీసినాయనకు చచ్చినోళ్ళు తెల్వదు. ఆయన చూసింది బతికినోళ్ళనే. చేతులు చాపి, నోరు తెరిచి, ఒకని ఎంబడి ఒకడు పోయేది ఎవరు? రేషన్ దుకాణం కాడికి వచ్చి చూడుమను."

సినిమా సంగతి వాడంతా పాకింది. నీళ్ళ పంపు దగ్గర ఎవరైనా చేతులు చాపి నడిస్తే చాలు, బిందెలు వదిలేసి నవ్వేవారు. మెడ వాల్చి నడవటంలో జులేఖాను మించినవాళ్ళు లేరు.

వారం తిరగకుండానే, ఆ నెల రెండో శనివారం పొద్దున, లాల్‌బీ పోయిందన్నారు.

పొద్దెక్కినా లేవలేదట. పిలిస్తే పలకలేదట. ఒళ్ళు చల్లగా ఉందట. ముక్కు దగ్గర ఎవరో చెయ్యి పెట్టి చూశారట. ఎవరు పెట్టారో తర్వాత ఎంత వెతికినా దొరకలేదు. పెద్దకొడుకు మొహియుద్దీన్ తెల్లబట్ట కొనటానికి సైకిలెక్కాడు. చిన్నకొడుకు దోమ అనే ఊళ్ళో ఉన్న చుట్టాలకు కబురు పంపటానికి బస్టాండుకు పోయాడు. బడికి సెలవు కాబట్టి నేనూ పరామర్శకు వెళ్ళాను. నేను పోయేసరికి వాకిట్లో మంచం మీద లాల్‌బీ దుప్పటి కింద ఉంది. చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని ఆమె గుణగణాలు చెప్పుకుని ఏడుస్తున్నారు. ఆ గుణాలు ఆమెకు ఉన్నట్టు ముందురోజు వరకూ ఎవరూ చెప్పగా వినలేదు. జులేఖా, చిన్నకోడలు కొంచెం పక్కకు జరిగి, ముసలామె పడుకునే ముందుగది ఎవరికి రావాలన్నది మాట్లాడుకుంటున్నారు. ఏడుపు మధ్యలోనే. గదిలోని అల్మారా మాట వచ్చేసరికి కొంచెం గొంతులు పెరిగాయి కూడా.

అలీమాబీ వచ్చింది. ఆమెకు అప్పటికే మోకాళ్ళు పట్టేసి, కింద కూర్చుంటే లేపటానికి ఇద్దరు కావాలి. పరదా కట్టించింది. నీళ్ళు కాగాయా అని అడిగింది. మంచం పక్కన పీట మీద చతికిలబడి, చెంబులో నీళ్ళు తీసుకుని, మొదట చెయ్యి కడుగుదామని లాల్‌బీ చెయ్యి పట్టుకుంది. పరదా ఇవతల ఉన్న మాకు ఆమె గొంతు వినిపించింది.

"జర ఆగున్రి."

ఏడుపు ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఇంకో గొంతు, బొంగురుగా, మెల్లగా, పరదా లోపలి నుంచే వచ్చింది.

"అలీమా, నీళ్ళు మస్తు ఉడుకున్నయ్."

తర్వాత జరిగింది చెప్పాలంటే, ఆ సినిమాయే చాలా నయం. సినిమాలో జనం ఒక పద్ధతిగా పరిగెత్తారు. ఇక్కడ వాకిలి చిన్నది, తలుపు ఒకటే. గుణగణాలు చెప్పినవాళ్ళు ముందు పోయారు. చిన్నకోడలు మేకల కొట్టంలో దూరి లోపల గడియ పెట్టుకుంది. ఇంటి ముందు మగవాళ్ళతో కూర్చున్న అజమత్, బండలు మోసే ఆ మనిషి, ఎదురింటి ప్రహరీ ఎక్కాడు. ఎక్కటమైతే ఎక్కాడు గానీ దిగటానికి నిచ్చెన తేవలసి వచ్చింది. మొహియుద్దీన్ సరిగ్గా అప్పుడే బట్ట కొనుక్కుని వచ్చాడు. సంగతి విని, తల్లిని చూడటానికి లోపలికి రాకుండా, సైకిల్ తిప్పుకుని వచ్చిన దారినే పోయాడు. బట్ట వాపసు ఇవ్వటానికి పోయానని తర్వాత చెప్పాడు.

నేను పరిగెత్తలేదు. ధైర్యం కాదు, నా ముందు తలుపులో ముగ్గురు ఇరుక్కుని ఉన్నారు. గోడకు ఆనుకుని చూస్తుండగా, వంటింట్లోంచి జులేఖా వచ్చింది. రెండు చేతులతో పెనం ఎత్తి పట్టుకుంది. చూసిన సినిమా వృథా పోలేదు. పెనం అంచుతో పరదా తొలగించింది.

లాల్‌బీ కళ్ళు తెరిచి పైకి చూస్తోంది. అలీమాబీ ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, వచ్చినవాళ్ళకు పెట్టిన చాయ్‌కి తెచ్చిన చక్కెర నోట్లో వేసి రుద్దుతోంది. జులేఖాను, పెనాన్ని ఒకసారి చూసింది.

"మంచిగ తెచ్చినవ్. గట్లనే పొయ్యి మీద పెట్టి ఒక రొట్టె చెయ్యి. మీ అత్తకు ఆకలైతుందట."

జులేఖా పెనం దించింది. పోయి పొయ్యి రాజేసింది. వెనక్కి చూసుకుంటూనే రొట్టె చేసింది.

లాల్‌బీకి చాయ్ కొంచెం లోపలికి పోయాక మాట స్పష్టమైంది. వాకిట్లో చెల్లాచెదురైన చెప్పులు చూసి అడిగింది.

"గింత మంది ఎందుకొచ్చిన్రు? ఎవరు పోయిన్రు?"

అలీమాబీ చాయ్ గ్లాసు మళ్ళీ ఆమె నోటికి ఆనించింది. "ఎవరు పోలే ఖాలా. నీకు బాగలేదంటే చూడనీకి వచ్చిన్రు" అంది.

"నన్నా?" అంది లాల్‌బీ. చాలాసేపు ఆ చెప్పుల వంకే చూసింది.

భయపడకుండా కూర్చున్నందుకు ఊరు ఊరంతా అలీమాబీని పొగిడింది. ఆమె ధైర్యం గురించి చాయ్ హోటల్లో అజమత్ కూడా చెప్పుకున్నాడట. ఆమె నాతో మాత్రం నిజం చెప్పింది. "మోకాళ్ళు టీచరమ్మా. లేవ వస్తే నేను అందరికంటె ముందు గేటు కాడ ఉంటుంటి. లేవరాకపాయె. ఇగ కూసున్న గద అని చక్కెర పెట్టిన."

ఆ మధ్యాహ్నమే లాల్‌బీని వికారాబాద్ ఆసుపత్రికి రైల్లో తీసుకుపోయారు. మా అమ్మను చూడటానికి నేనూ అదే బండికి పోతున్నాను కాబట్టి తోడున్నాను. తాండూరు స్టేషన్‌కు మాకంటే ముందు మా కబురు చేరింది. ప్యాసింజర్ బండిలో నిలబడటానికి చోటు దొరికితే అదృష్టం అనుకునేవాళ్ళం. ఆ రోజు లాల్‌బీని ఎక్కించగానే డబ్బాలో గుసగుసలు బయలుదేరాయి. మూటలు, పిల్లలు, బుట్టలు చకచకా పక్క డబ్బాలోకి వెళ్ళిపోయాయి. వెంట వచ్చిన కోడళ్ళిద్దరూ మొదటే ఆ డబ్బాలో ఎక్కారు. ముసలామె ఒక బెంచీ మీద కాళ్ళు చాపి పడుకుంది. అలీమాబీ ఇంకో బెంచీ మీద మోకాళ్ళు చాపుకుంది.

"ఒక్కసారి చస్తే గింత ఇజ్జత్ ఇస్తరని తెల్వకపాయె" అంది లాల్‌బీ.

సేడం వైపు నుంచి వస్తున్న ఒక కన్నడం ఆమె మాత్రం కదల్లేదు. ఆమెకు తెలుగు అంతంతమాత్రం. మూట విప్పి జొన్నరొట్టె తుంచి లాల్‌బీకి ఇచ్చింది. కిటికీలోంచి ఎవరో ఆమెకు సంగతి చెప్పి హెచ్చరించారు. ఆమె అంతా విని, తింటున్న మనిషి చచ్చిందెట్లా అని తన భాషలో అడిగి, ఇంకో ముక్క తుంచింది.

డాక్టరు చూసి, షుగర్ మాత్ర వేసుకుని ఏమీ తినకపోవటం వల్ల ఒంట్లో చక్కెర మరీ పడిపోయిందని, చలికి ఒళ్ళు బిగుసుకుందని చెప్పాడు. రాత్రి ఏం తిన్నది అని అడిగాడు. జులేఖా చిన్నకోడలి వంక చూసింది. చిన్నకోడలు జులేఖా వంక చూసింది. ఆమె పెట్టిందని ఈమె, ఈమె పెట్టిందని ఆమె అనుకున్నారు. ఇద్దరూ అంత నమ్మకం ఒకరి మీద ఒకరు పెట్టుకోవటం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

లాల్‌బీ నాలుగు రోజులకు తిరిగి వచ్చింది. అయితే వచ్చింది లాల్‌బీ అని చాలామంది ఒప్పుకోలేదు. జాంబీ అనే పేరు చాటుగా మొదలై, తొందరలోనే బాహాటమైంది. ఆమె పోసిన చాయ్ ఎవరూ తాగరు. ఆమె కూర్చున్న అరుగు మీద ఎవరూ కూర్చోరు. సొంత కొడుకు మొహియుద్దీన్ గుమ్మం అవతల నిలబడి, "అమ్మీ, మంచిగున్నవా" అని అడిగి, జవాబు పూర్తికాకుండానే పనిమీద పోయేవాడు. ఇంట్లో మాత్రం ఆమెకు తిండి వేళకు అందేది. ముందుగది సంగతీ, అల్మారా సంగతీ మంచం మీద కళ్ళు మూసుకుని తాను మొత్తం విన్నానని, కళ్ళు తెరవటమే చేతకాలేదని ఆమె కోడళ్ళతో అన్నది. గట్టిగా కూడా అనలేదు. పప్పు బాగుందని చెప్పి, దాని వెంబడే ఈ మాట చెప్పింది.

ఆమె దగ్గరికి పోయి కూర్చునేది అలీమాబీ ఒక్కతే. ఒకరిని ముట్టుకోవటానికి ఊరు భయపడుతుంది, ఇంకొకరిని చూడటానికే భయపడుతుంది. ఇద్దరూ ఒకే అరుగు మీద చేరితే ఆ గల్లీలో నడిచేవాళ్ళు తగ్గారు. తమలపాకులు నములుతూ, పోయేవాళ్ళను పోయినట్టే తూర్పారబట్టేవారు.

బాల్‌రాజ్ వ్యాపారస్తుడు. ఊళ్ళో సొంత జాంబీ పుట్టిందని తెలియగానే క్యాసెట్ మళ్ళీ తెప్పించాడు. గోదాం నిండింది. ఆ తర్వాతి ఆదివారం స్వయంగా లాల్‌బీ ఇంటికి వచ్చి, వాకిట్లోకి రాకుండా రోడ్డు మీద నిలబడి పిలిచాడు.

"అవ్వా, ఆడోళ్ళ ఆటకు నువ్వు రావాలె. టికెట్ వద్దు. కుర్చీ వేయిస్త."

"ఎందుకు బిడ్డా, జనం పారిపోతరు" అంది లాల్‌బీ.

"పోరు అవ్వా, ఇంక వస్తరు."

అలీమాబీ అతన్ని ఏదో అనబోయింది. లాల్‌బీ ఆపి, తనకు సినిమా చూడాలని ఉందని చెప్పింది. పోయినసారి ఎవరూ అడగలేదని కూడా అన్నది.

గోదాంలో అందరికీ గోనెసంచులు, లాల్‌బీకి, తోడు పోయిన అలీమాబీకి చేతుల కుర్చీలు. వాళ్ళ చుట్టూ నలుగురు కూర్చునే జాగా ఖాళీగా ఉంది. సినిమా మొదలైంది. జనం తెర చూడటం లేదు, లాల్‌బీని చూస్తున్నారు. ఆమెకు అదేమీ పట్టలేదు. శవాలు లేస్తుంటే నోరు తెరుచుకుని చూసింది. మంగలి శవం చెవి జేబులో పెట్టేసరికి ఆమెకు నవ్వు మొదలైంది. పళ్ళు లేని నోటితో, భుజాలు ఎగరేస్తూ, దగ్గుతూ నవ్వింది. పెనం వంటామె రాగానే జులేఖా ఎక్కడుందోనని వెనక్కి తిరిగి వెతికింది. జులేఖా కొంగు మొహాన కప్పుకుంది. లాల్‌బీ నవ్వుతూనే ఉంది. అది చూసి అలీమాబీకి నవ్వు వచ్చింది. ఆ మనిషి అంతలా నవ్వటం నేను అంతకుముందు చూడలేదు. మోకాళ్ళు పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు కారుతుండగా నవ్వింది. చుట్టూ ఖాళీగా ఉన్న జాగాలోకి ఎవరో ఒకామె కొంచెం జరిగి కూర్చుంది. తర్వాత ఇంకొకామె.

బయటికి వచ్చాక సినిమా ఎట్లా ఉందని లాల్‌బీని అడిగాను.

"మంచిగుంది గని, పాపం వాళ్ళకు మాటలు రావు. గందుకే అందరు కొట్టిన్రు. లేవంగనే జర నీళ్ళియ్యున్రి అని అడిగితే అయిపోతుండె" అంది.

ఆ తర్వాత ఆమె చేతి చాయ్ తాగే ధైర్యం మెల్లమెల్లగా కొందరికి వచ్చింది. అందరికీ రాలేదు.

ఎనభై ఎనిమిది వానల్లో లాల్‌బీ నిజంగానే పోయింది. ఈసారి కొడుకులు ఏ లోటూ చేయలేదు. చూడటానికి ఇద్దరు డాక్టర్లను పిలిపించారు. ఇద్దరూ చెప్పాక కూడా అలీమాబీ చెబితే తప్ప ఒప్పుకోమన్నారు. ఆమె వచ్చి లాల్‌బీ చెయ్యి పట్టుకుని కూర్చుంది. పోయిందని తెలుస్తూనే ఉన్నా మధ్యాహ్నం నమాజు వేళ దాకా వదల్లేదు. అప్పుడు పరదా కట్టమంది. నీళ్ళు పోయటానికి చేతి సాయం ఎవరొస్తారని అడిగితే మొదట ఎవరూ లేవలేదు. జులేఖా లేచి, చేతులు కడుక్కుని, పరదా లోపలికి పోయింది. బయట కూర్చున్న మాకు అలీమాబీ మెల్లగా చెబుతున్న మాటలు వినిపించాయి. కుడిపక్క ముందు. తల కింద చెయ్యి. మెల్లగ, ఆమెకు నొస్తదన్నట్టు పట్టు.

మూడో రోజు జులేఖా ఇంట్లో వండిన అన్నం గిన్నెతో మా పక్క వాటాకు వచ్చింది. గిన్నె ఇచ్చి పోకుండా మెట్టు మీద కూర్చుంది.

"ఖాలా, నీ మోకాళ్ళు బాగలేవు. నాకు నేర్పిస్తవా?"

అలీమాబీ ఆమెను పైనుంచి కింది దాకా చూసింది. "దోమ ఊర్ల ఒక ముసలామెకు బాగలేదని కబురొచ్చింది. నా పేరు చెప్పి ముందుగల్లనే రమ్మంటున్నరు. పొద్దుగాల బస్సుకు పోదాం. ముందు ఆమె రాత్రి తిన్నదా లేదా అడుగుదాం" అంది.

పొద్దున ఇద్దరూ దోమ పోయారు. ముసలామె తినలేదట. జులేఖా జావ కాచి తాగించింది. సాయంత్రం బస్సులో ఇద్దరూ తిరిగి వచ్చారు. ఆ ముసలామె పోలేదు. ఆమె కోడళ్ళకు అలీమాబీ మీద చాలా కోపంగా ఉందని విన్నాను.